చెంగల్వ కట్టిన రత్నాల పెట్టె

నెమలికొండ రాజ్యంలో ఒక ఉదయం కొలువు జరుగుతుండగా కోట తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. తాటిచెట్టంత రాక్షసుడొకడు చంకలో పీట పెట్టుకుని వచ్చి, సభ మధ్యన దాన్ని వేసుకుని కూర్చున్నాడు. వాడి పేరు పాచికాసురుడు.

"నాతో ఆడండి. ఏ ఆటైనా సరే. ఓడినవాడు మట్టిబొమ్మవుతాడు. ఆట ముగియకముందే పీట మీంచి లేచినవాడూ ఓడినట్టే. నేను ఓడితే నేనే బొమ్మనవుతా, మీవాళ్లంతా మళ్లీ మనుషులవుతారు" అన్నాడు.

రాజు వీరభూపాలుడు చదరంగంలో దిట్ట. నవ్వుతూ ఎదురుగా కూర్చున్నాడు. పది ఎత్తులు పడ్డాయో లేదో, అందరూ చూస్తుండగానే మీసాలతో సహా మట్టిబొమ్మ అయిపోయాడు. ఆనాటి నుంచి రోజుకొక ఇంటి నుంచి ఒకరు ఆటకు వెళ్లాలి. ఓడినవాళ్లను రాక్షసుడు కోట ముందు ఆరుబయట వరసగా నిలబెట్టేవాడు. అవి కాల్చని మట్టిబొమ్మలు. తొలకరి వానకే కరిగిపోతాయి.

నలభయ్యో రోజున నేతగాడు ఈరన్న వంతు వచ్చింది. అతని కూతురు చెంగల్వ సద్ది తీసుకుని కోటకు చేరేసరికి నాయన వరస చివర బొమ్మై నిలబడి ఉన్నాడు. తలపాగాలో దోపుకున్న దారపు కండె కూడా మట్టిదే. చెంగల్వకు ఏడుపు రాలేదు. చేతిలో సద్ది ముంత ఉందన్న సంగతే మరిచిపోయి, ఆ కండెనే చూస్తూ ఉండిపోయింది. వానాకాలానికి ఇంకా నెల రోజులుంది.

మరునాడే ఆమె అడవి దారి పట్టింది. అడవి మొదట్లో పుట్టలో నడుం దాకా కూరుకుపోయి ఒక ముని తపస్సు చేసుకుంటున్నాడు.

"యాడికి పోతాండావు పాపా?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

చెంగల్వ జరిగిందంతా చెప్పింది. ముని కళ్లు తెరిచాడు.

"వాడు ఎదుటోళ్ల కండ్లలోకి చూసి, వాళ్లు ఏ ఎత్తు వేస్తారో పట్టేస్తాడు. కండ్లు లేనిదాన్ని వాడి ముందర కూర్చోబెట్టు" అన్నాడు.

పూర్వం తనంతట తానే ఆట ఆడే పెట్టె ఒకటి ఉండేదట. అరవై నాలుగు రత్నాలు వెలుగుతూ ఆరుతూ అందులో బొమ్మలు కదిలేవట. అడవిలో పాతయంత్రాల బలగం ఒకటుందనీ, బుధవారం బుధవారం వాగు ఒడ్డున చేరి మూలపడ్డ యంత్రాలకు ప్రాణం పోయడమే వాళ్ల సరదా అనీ, ఆ పెట్టె ముక్కలు వాళ్ల దగ్గరే ఉన్నాయనీ ముని చెప్పాడు. ఇప్పుడు మీరు కంప్యూటర్ అంటున్నారే, దానికి ఈ పెట్టె ముత్తవ్వ అనుకోండి.

ఆ బలగానికొక కట్టుబాటు ఉంది. చేతిపని చూపించనిదే చిన్న మేకు కూడా ఇవ్వరు. పళ్లచక్రాలు దాచుకున్న భల్లూకయ్య అనే ఎలుగుబంటి, ఎద్దు తలంత దారపు చిక్కు తెచ్చి ముందు పడేశాడు. చెంగల్వ ఒక్క పోగు తెగకుండా రెండు రోజుల్లో విప్పింది. రత్నాలున్న నీలకేశి అనే పాము, చిరిగిన తన కుబుసాన్ని కుట్టమంది. చెంగల్వ రఫూ చేసి ఇచ్చాక, ఆ చిరుగు ఎక్కడుందో పాముకే కనిపించలేదు.

పెట్టెలోని సూదులు ఆ బలగంలోనే ఉన్న సుంకులవ్వ దగ్గరున్నాయి. నూట ఇరవై ఏళ్ల ముసలిది. ఆమె చేతిలోని చిల్లుల అట్ట చూడగానే చెంగల్వ నివ్వెరపోయింది. అంచు నేసే మగ్గం మీద తన నాయన వాడేవీ అలాంటి అట్టలే. చిల్లున్న చోట సూది దిగుతుంది, లేనిచోట దిగదు. మగ్గం మీద దాంతో హంస పుడుతుంది, ఇక్కడ రత్నం వెలుగుతుంది.

"అట్టలన్నీ వరసగా కుట్టల్ల. ఆఖరిదాన్ని మాత్రం వదులుగా యాలాడనీ. అది జారి పడితేనే పెట్టె ఆగేది, ఆట అయిపోయేది" అంది అవ్వ.

ఇక ఆట తయారీ మొదలైంది. మొసళ్లున్న మడుగును ఒక కొంగ దాటాలి. ఆడేవాడు కొంగను నడుపుతాడు, మొసళ్లను పెట్టె నడుపుతుంది. మొసలికి తోక ఉండాల్సిందేనని భల్లూకయ్య పట్టుబట్టాడు. తోకకు చిల్లులు చాలవని అవ్వ కొట్టిపారేసింది. ఆ అలకతో అతను రెండు బుధవారాలు రాలేదు. మూడో బుధవారం తొలిసారి రత్నాలు మిలమిలా వెలిగేసరికి అలక మరిచి నోరు తెరుచుకు చూస్తూ నిలబడ్డాడు. అందరూ ఆడి చూశారు. సగం మడుగు దాటకుండానే అందరినీ మొసలి మింగేసింది. రాక్షసుడి గతీ అంతేనని ధీమాగా బలగమంతా కోటకు బయలుదేరింది.

పాచికాసురుడు పెట్టెను చూసి పగలబడి నవ్వాడు. "ఇది ఓడితే దీన్ని కట్టిన నువ్వు బొమ్మవవుతావు" అన్నాడు. చెంగల్వ సరేనంది. భల్లూకయ్య పెట్టె చేతిపిడి తిప్పాడు.

జాము తిరగకముందే కొంగ ఆవలి గట్టెక్కింది.

చెంగల్వ కిందికి చూసుకుంది. కాలివేళ్లు మట్టిరంగులోకి తిరుగుతున్నాయి. అంతలో రత్నాలన్నీ ఒక్కసారి ఆరి మళ్లీ వెలిగాయి. అదే మడుగు, అవే మొసళ్లు, ఇవతలి గట్టున అదే కొంగ. ఆమె వేళ్ల రంగు అక్కడికే ఆగిపోయింది.

సుంకులవ్వ గబగబా పెట్టె వెనక్కి వెళ్లి చూసింది. ఆఖరి అట్ట వేలాడటం లేదు. దాన్ని మొదటి అట్టకు కలిపి గట్టిగా కుట్టేసి ఉంది. అవ్వ చెంగల్వ వైపు చూసింది. చెంగల్వ కుట్టిన తన చేతుల వైపు చూసుకుంది.

కొంగ పదిసార్లు గట్టెక్కింది. వందసార్లు ఎక్కింది. ఆట మాత్రం అయిపోలేదు. బలగంలో వాళ్లు వంతులవారీగా పిడి తిప్పుతూనే ఉన్నారు. పిడి తిప్పేవాళ్లకు వంతులున్నాయి గానీ పీట మీద ఉన్నవాడికి లేవు.

మూడో రోజు మబ్బు పట్టింది. చెంగల్వ ఊళ్లోని చీరలన్నీ తెప్పించి బొమ్మల మీద కప్పించింది. చినుకులు మొదలయ్యాయి. చీరలు తడిసి బరువెక్కాయి. రాజుగారి మీసం ఒకవైపు జారింది.

అప్పుడు సుంకులవ్వ సభలోనే పొయ్యి పెట్టింది. నానబెట్టిన బొరుగులతో ఉగ్గాని కలిపి, మిరపకాయ బజ్జీలు నూనెలో వేసింది. ఆ వాసన సభంతా కమ్ముకుంది. పాచికాసురుడి ముక్కుపుటాలు అదిరాయి.

"ఒక్కటియ్యవ్వా" అన్నాడు.

"వచ్చి తీసుకో నాయనా, నేను నడవలేను" అంది అవ్వ.

వాడు లేచాడు. లేచినవాడు లేచినట్టే, చెయ్యి చాచి, తాటిచెట్టంత మట్టిబొమ్మ అయిపోయాడు.

బయట తడిచీరల కింద మనుషులు కదిలారు. ఈరన్న చీర తొలగించుకుని, ఏమీ అర్థంకాక చుట్టూ చూసి, కూతురు లాక్కుపోతుంటే సభలోకి వచ్చాడు. వచ్చీరాగానే అతని చూపు పెట్టె వెనకున్న అట్టల మీదే పడింది.

"ఆఖరిది మొదటిదానికి కుట్టినావే పాపా?"

"అలవాటు నాయనా. హంస మళ్లీ మళ్లీ రావాల గదా, అంచుకి యాడ ఆపుతాం?" అని, అప్పుడు ఏడ్చింది చెంగల్వ.

రాజు ఒంటి మీసంతోనే సింహాసనమెక్కి ఆమెను మంత్రిని చేస్తానన్నాడు. బుధవారాలు మాత్రం కొలువుకు రానక్కర్లేదని మాట తీసుకుని ఆమె ఒప్పుకుంది. ఆ తరువాతి బుధవారమే నాయనను వెంటబెట్టుకుని వాగు ఒడ్డుకు వెళ్లింది. ఈరన్న చిల్లులు సర్ది మొసలికి తోక తెప్పించాడు. భల్లూకయ్య ఇప్పటికీ వచ్చేపోయేవాళ్లందరికీ ముందు ఆ తోకే చూపిస్తాడట.

నా కథలో ఆఖరి అట్టను మాత్రం నేను మొదటిదానికి కుట్టలేదు. ఇదిగో, అది జారి పడింది.