నీళ్ళలో దిగిన పళ్ళ డాక్టర్

వేసవి శిబిరం మొదలైన రోజే పళ్ళ డాక్టర్ ఈతకొలనులో పడ్డాడు.

ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా వేసుకుని, గట్టు మీద నిలబడి, పళ్ళు ఎలా తోముకోవాలో పిల్లలకు తీరిగ్గా వివరిస్తున్నాడు. గట్టు తడిగా ఉంది, వెనక్కి జరగమని ఈత కోచ్ రెండుసార్లు హెచ్చరించింది. ఆ మాట పిల్లలకనుకుని అతను ఇంకాస్త ముందుకు జరిగాడు. అంతే.

నీళ్ళలో అతను చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. చేతులు టపటపా కొట్టుకున్నాడు, ఎవరినో పిలవబోయి ఒక గుక్కెడు నీళ్ళు మింగాడు. కోచ్ దూకి, అతని కాలరు పట్టుకుని, చెవి దగ్గర నెమ్మదిగా చెప్పింది.

"లేచి నిలబడండి డాక్టర్ గారూ. నీళ్ళు మీ నడుము దాకే ఉన్నాయి."

అతను లేచి నిలబడ్డాడు. నిజమే. పిల్లలు నవ్వాపుకోవాలని చూశారు గానీ ఒక్కరి వల్లా కాలేదు. కోచ్ మాత్రం నవ్వలేదు. కాలరు పట్టుకున్న చేతికి అతని వణుకు తెలుస్తోంది. ఎండ మాడ్చేస్తున్న ఆ పూట అది చలివణుకు కాదని ఆమెకు అర్థమైంది.

సెలవులకు ఖాళీ అయిన ఒక బడిలో ఆ శిబిరం జరుగుతోంది. బెంచీలన్నీ వరండాలోకి చేరాయి, తరగతి గదుల్లో పరుపులు పరిచారు. నడిపేది రిటైరైన ఒక హెడ్మిస్ట్రెస్. చిన్నప్పుడు పాఠం చెప్పిన మనిషి కనక ఆవిడ పిలిస్తే డాక్టర్ కాదనలేక, ఆసుపత్రికి సెలవు పెట్టి వచ్చాడు. కోచ్ కథ వేరు. నిరుడు దాకా ఆమె పోటీల్లో ఈదేది. భుజం దెబ్బతింది. ఇక పందేల మాట మరచిపొమ్మన్నారు డాక్టర్లు. వేరే ఊళ్ళో క్రీడల ఆఫీసులో ఉద్యోగం వచ్చేట్టుంది, ఈలోగా పొద్దుపోవడానికి ఇక్కడికి వచ్చింది. పిల్లలతో తనకేం పడుతుందిలే అనుకుంటూనే వచ్చింది.

ఆ పడటం తరవాత డాక్టర్ కొలను వైపు రావడం మానేశాడు. భోజనాల దగ్గర కనిపిస్తే ఆమెకు ఒక నమస్కారం పెట్టి దూరంగా కూర్చునేవాడు. తనను చూసి లోపల నవ్వుకుంటోందని అతని అనుమానం. కాపాడినందుకు థాంక్స్ కూడా చెప్పని మనిషని ఆమె కోపం. ఇద్దరూ కూర వడ్డించుకునే గరిటె దగ్గర ఎదురుపడితే, మీరు ముందంటే మీరు ముందని కూర చల్లారేదాకా నిలబడేవాళ్ళు.

వాళ్ళిద్దరినీ కలిపింది ఒక పంటినొప్పి.

శిబిరంలో ఏడేళ్ళ పిల్ల ఒకతి ఉంది. సన్నగా, చురుగ్గా, ఎప్పుడూ గలగలమంటూ ఉండే ఆ పిల్లను అందరూ పిచ్చుక అనేవాళ్ళు. ఒక పొద్దున పిచ్చుక గొంతు వినపడలేదు. బుగ్గ వాచింది. అన్నం ముట్టలేదు. డాక్టర్ ఎంత బతిమాలినా రెండు చేతులతో నోరు మూసుకుని తల అడ్డంగా ఊపింది. కోచ్ వచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, భయం దేనికని అడిగింది. వేళ్ళ సందుల్లోంచి జవాబు వచ్చింది.

"డాక్టర్ గారికి నీళ్ళంటే భయం కదా. ఆయన దిగరు. నేనెందుకు నోరు తెరవాలి?"

కోచ్ కిటికీ వైపు తిరిగి పెదవి బిగబట్టుకుంది.

"సరే. నువ్వు నోరు తెరువు, నేను దిగుతాను" అన్నాడతను చివరికి.

పిచ్చుక కాసేపు ఆలోచించి, మాట తప్పితే పన్ను తిరిగి పెట్టెయ్యాలని షరతు పెట్టి, నోరు తెరిచింది. ఊగిపోతున్న పాలపన్ను, దాని చుట్టూ చీము. అతను మత్తుమందు రాసి, ఏదో కుందేలు కథ చెబుతూ, కథ సగంలో ఉండగానే పన్ను తీసేశాడు. పిచ్చుక ఏడవలేదు. కుందేలు ఏమైందని అడిగింది. ఆ ప్రశ్నకు అతను పడిన తడబాటు చూసి కోచ్‌కు మొదటిసారి ఈ మనిషి నచ్చాడు.

వాపు తగ్గాక మాట నిలబెట్టుకోవలసిన రోజు వచ్చింది. పిల్లలంతా గట్టు మీద చేరారు. డాక్టర్ మెట్టు మీద నిలబడి నీళ్ళ వైపు చూస్తున్నాడు తప్ప కదలడం లేదు. కోచ్ ముందుకు రాబోయింది. అంతలో పిచ్చుక నీళ్ళలోకి దిగి అతనికి చెయ్యి అందించింది.

"ముందు కాళ్ళు. తరవాత మోకాళ్ళు. తొందరేం లేదు. భయం వేస్తే వేసిందని చెప్పండి. నేను ఇక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోను."

కోచ్ ఆగిపోయింది. అవి తన మాటలు. మొదటి వారం ఈ పిచ్చుకకే తను చెప్పినవి, అదే వరసలో, అదే గొంతుతో. పక్కన ఇంకో పిల్లవాడు బుడగలు ఎలా ఊదాలో చూపిస్తున్నాడు. ఇంకొకతి డాక్టర్ వీపు కింద బుల్లి అరచెయ్యి పెట్టి, వదిలెయ్యండి, నీళ్ళే మోస్తాయి అంటోంది. ఆమె ఎన్నో పతకాలు గెలిచింది. అవన్నీ ఇంట్లో ఒక అల్మారాలో ఉన్నాయి. తను నేర్పింది ఇంకొకరి నోట ఇంత ప్రేమగా వినిపించడం మాత్రం ఏ పందెంలోనూ దొరకలేదు. కళ్ళు తడిశాయి. ఈతకొలను దగ్గర ఎవరి ముఖం తడిగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు గనక బతికిపోయింది.

ఆ రోజు నుంచి డాక్టర్ రోజూ దిగాడు. పిల్లలు మాస్టర్లు, అతను విద్యార్థి. కాళ్ళు సరిగ్గా ఆడించకపోతే తిట్లు కూడా తిన్నాడు. సాయంత్రాలు వరండా బెంచీల మీద కూర్చుని కోచ్‌తో మాట్లాడటం అలవాటైంది. తన మేనమామ చిన్నతనంలోనే కాలువలో మునిగి చనిపోయాడనీ, ఆ తరవాత అమ్మ తనను నీటి తొట్టి దగ్గరికి కూడా రానివ్వలేదనీ చెప్పాడు. భుజం నొప్పి కంటే, ఇక ఎందుకూ పనికిరానన్న దిగులే తనను ఎక్కువ బాధపెట్టిందని ఆమె చెప్పింది.

ఇంతలో పిచ్చుక ఒక వార్త మోసుకొచ్చింది. కోచ్ అక్కకు ఉద్యోగం వచ్చిందట, శిబిరం అవగానే వెళ్ళిపోతుందట. డాక్టర్ ముఖం మాడిపోయింది. రెండు రోజులు కొలను వైపు రాలేదు. మూడో రోజు జోరున వాన. బట్టలు మార్చుకునే గది చూరు కింద ఇద్దరూ ఇరుక్కున్నారు. చూరు ఇరుకు, వాన ఏటవాలు. అతను మర్యాదగా తడుస్తూ నిలబడి, కంగ్రాట్స్ అన్నాడు.

"దేనికి?"

"ఉద్యోగానికి."

"వద్దని చెప్పేశాను."

వాన చప్పుడులో తప్పుగా విన్నానేమోనని అతను ఆమె వైపు వంగాడు. హెడ్మిస్ట్రెస్‌తో మాట్లాడాననీ, ఏడాది పొడుగునా ఇక్కడే పిల్లలకు ఈత నేర్పుతాననీ ఆమె చెప్పింది.

"మీకోసం అనుకునేరు. పిల్లల కోసం."

"అనుకోను." కాస్త ఆగాడు. "కొంచెం అనుకుంటాను."

ఆమె వాన వైపు చూస్తూ, కాస్త లోపలికి జరగండి, తడిసిపోతున్నారు అంది. అతను జరిగాడు. వాన త్వరగా వెలిసిపోయిందని ఇద్దరికీ అనిపించింది.

శిబిరం చివరి రోజు తల్లిదండ్రులు వచ్చారు. పిల్లలు వరసగా ఈదారు, వాళ్ళతో పాటు ఈదిన కోచ్ తడితలతో గట్టెక్కింది. అప్పుడే హెడ్మిస్ట్రెస్ మైకులో డాక్టర్‌ను పిలిచింది. అతను నీళ్ళలోకి దిగుతుంటే, జనం వెనక అచ్చం అతని పోలికలే ఉన్న ఒకావిడ కొలను చుట్టూ ఉన్న కంచె పట్టుకుని బిగుసుకుపోవడం కోచ్ చూసింది. కొడుకు ఏం నేర్చుకున్నాడో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. కోచ్ పరుగున వెళ్ళి పక్కన నిలబడింది.

"నేను కోచ్‌ని ఆంటీ. ఏం కాదు. చూడండి."

ఆవిడ కోచ్ మణికట్టు గట్టిగా పట్టుకుంది. డాక్టర్ ఈదుతున్నాడు. అందంగా ఏమీ లేదు, నీళ్ళు చాలా ఎగురుతున్నాయి, పక్కనే పిచ్చుక ఈదుతూ అరుస్తూ దారి చూపిస్తోంది. సగం దూరంలో అతని తల మునిగింది. తల మళ్ళీ పైకి తేలింది. అవతలి గట్టు అందింది. జనం చప్పట్లు కొట్టారు.

ఆవిడ కొట్టలేదు. కోచ్ వైపు తిరిగింది.

"మా తమ్ముడు పోయిన రోజు గట్టు మీద ఇంటిల్లిపాదీ ఉన్నాం. ఒక్కరికీ ఈత రాదు. చూస్తూ నిలబడ్డాం." ఈదుతున్న పిల్లల వైపు చూపించింది. "ఇంతమంది తల్లులకు నీ వల్ల కంటినిండా నిద్ర పడుతుందమ్మా. నువ్వు చల్లగా ఉండాలి."

డాక్టర్ నీళ్ళు కారుతూ వచ్చి తల్లి ముందు తల వంచుకున్నాడు. తిట్లు పడతాయనుకున్నాడు. ఆవిడ అతని భుజం మీది తువ్వాలు లాగి, చిన్నపిల్లాడికి తుడిచినట్టు బరబరా తల తుడిచింది.

"ఫోనులో రోజూ కోచ్ గారు, కోచ్ గారు అంటూ చెబుతున్నది ఈ అమ్మాయి గురించేనా?"

అతను తలూపాడు.

"అడిగావా?"

"ఇంకా లేదమ్మా."

"మరెప్పుడు?"

అతను కోచ్ వైపు తిరిగాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. ముందే కూర్చిపెట్టుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి.

"మీరు ఎక్కడ ఉంటే నాకు అక్కడ ధైర్యంగా ఉంటుంది. జీవితమంతా మీతో ఉండనిస్తారా?"

ఆమె తల దించుకుంది. జుట్టులోంచి నీళ్ళు బొట్లుబొట్లుగా రాలుతున్నాయి. ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, జవాబు కోసం తొందరపెట్టకుండా, అదే తువ్వాలులో పొడిగా మిగిలిన కొస వెతికి పట్టుకుని, ఆ అమ్మాయి జుట్టు తుడవడం మొదలుపెట్టింది. కొడుక్కి తుడిచినంత మోటుగా కాదు, పాయలు విడదీస్తూ, మెల్లగా.

కోచ్ కళ్ళు మూసుకుని తలను ఆవిడ వైపు వంచింది.

"చాలు అత్తయ్యా" అంది. "ఆరిపోయింది."