పన్నెండో నంబరు

"పదకొండు" అంది ప్రత్యూష. వెంటనే తల వంచుకుని, గొంతు కాస్త సన్నం చేసి, "పన్నెండు" అని కూడా అంది.

ఎవరూ గమనించలేదు. పక్కనున్న పెంచల్ "పదమూడు" అన్నాడు. లెక్క గబగబా పద్దెనిమిది దాకా పోయింది.

"సరే, అందరూ దాటినట్టే" అన్నాడు బెన్హర్. "నీడలో కూచోండి. అన్నాలు తిని మళ్ళీ కయాకులు ఎక్కుదాం."

బెన్హర్‌ది సముద్రం పక్క ఊరే. వచ్చినవాళ్ళకు కయాక్ అనే సన్నటి పడవ నడపడం నేర్పిస్తాడు, ఇసుక దిబ్బల మీద నడిపించి సముద్రం చూపిస్తాడు. ఈ రోజు కోవూరు నుంచి ఏడో తరగతి పిల్లలు పద్దెనిమిది మంది వాణి మేడమ్‌తో వచ్చారు. ఇద్దరికొక కయాక్. పొద్దున గంటసేపు ఉప్పుటేట్లో తెడ్లు వేసి ఈ ఒడ్డున దిగారు. లైఫ్ జాకెట్లు కయాకుల్లోనే వదిలి, పక్కనున్న చిన్న పాయ నడిచి దాటారు. అప్పుడు నీళ్ళు మోకాళ్ళ కిందికే ఉన్నాయి. అవతల సర్వి చెట్ల తోటలోంచి, దిబ్బల మీదుగా సముద్రం దాకా వెళ్ళి ఇప్పుడే తిరిగొచ్చారు.

ఆగిన ప్రతిచోటా బెన్హర్ లెక్క చెప్పిస్తాడు. ఎవరి నంబరు వాళ్ళు గట్టిగా చెప్పాలి.

పన్నెండు ఏంజెలిన్‌ది. ఏంజెలిన్ ఇంకా పాయ దాటలేదు. సర్వి తోటలో నీళ్ళ సీసా మర్చిపోయిన సంగతి దారిలో గుర్తొచ్చి, "నువ్వు పదవే, ఇప్పుడే వస్తా" అని వెనక్కి పరిగెత్తింది. అందరికంటే వెనక నడుస్తున్న వాణి మేడమ్ ఆ సమయానికి పెంచల్ తెగిన చెప్పుతో కుస్తీ పడుతున్నారు. ఆమె చూడలేదు.

తను చేసింది తప్పని ప్రత్యూషకు తోచనే లేదు. బళ్ళో చేసే పనే కదా. ఏంజెలిన్ నెల్లూరు నుంచి బస్సులో రావాలి. బస్సు పెన్న బ్రిడ్జి మీద ఇరుక్కుందంటే అటెండెన్స్ అయిపోతుంది. మేడమ్ తల రిజిస్టర్‌లో ఉండగా ప్రత్యూష రెండుసార్లు "ప్రెజెంట్ మేడమ్" అంటుంది, రెండు గొంతులతో. ఐదు నిమిషాల తర్వాత ఏంజెలిన్ పిల్లిలా వచ్చి బెంచీ మీద కూర్చుంటుంది. ఈ విద్యలో ప్రత్యూషకు క్లాసులో మంచి పేరు కూడా ఉంది.

ప్రత్యూష పక్కన చోటు ఉంచి, టమాటా అన్నం డబ్బా మూత తీసింది.

"ఏంజెలిన్ యాడుందే?" అన్నాడు పెంచల్.

"వస్తాదిలే. నీ అన్నం నువ్వు తిను."

రెండు ముద్దలు తిని పాయ వైపు చూసింది. దాటి వచ్చినప్పుడు ఒడ్డున ఇసుకలో అందరి తడి అడుగులూ పడ్డాయి. ఇప్పుడు అవి లేవు. నీళ్ళు వాటి మీదికి వచ్చేశాయి.

"అన్నా, నీళ్ళు పెరుగుతుండాయా?"

"పోటు మొదలైంది పాపా" అన్నాడు బెన్హర్. "ఇంకాసేపటికి నీ నడుం దాటుతాది. లాగుడు గూడా ఉంటాది. అందుకే మిమ్మల్ని తొందరపెట్టి దాటించినా."

ప్రత్యూష చేతిలోని ముద్ద మళ్ళీ డబ్బాలో పెట్టేసింది.

యాభై లెక్కపెడదాం, ఆలోపు వచ్చేస్తుంది అనుకుంది. ముప్పై దాకా వచ్చింది. అవతలి ఒడ్డున ఎవరూ లేరు. చెబితే మేడమ్ ఊరుకోరు. బళ్ళో సంగతి కూడా బయటపడుతుంది. అమ్మను పిలిపిస్తారు. నలభై. పాయ మధ్యలో ఇందాక కనిపించిన ఇసుక మిట్ట మునిగిపోయింది.

యాభై దాకా ఆగలేదు. డబ్బా కింద పెట్టి లేచింది.

"అన్నా, ఏంజెలిన్ రాలేదు."

"లెక్క సరిపోయింది గదా?"

"పన్నెండు నేనే చెప్పినా."

వాణి మేడమ్ చేతిలో అన్నం చేతిలోనే ఉండిపోయింది.

బెన్హర్ కోప్పడలేదు. వంగి ప్రత్యూష కళ్ళలోకి చూశాడు. "యాడ ఆగింది? తెలిసింది మాత్రమే చెప్పు. ఊహించి చెప్పబాక."

"సర్వి తోటలో. మనం నీళ్ళు తాగిన చోట సీసా మర్చిపోయింది. దానికోసం పోయింది."

"ఈత వచ్చా?"

"రాదు."

బెన్హర్ మూడుసార్లు పొడుగ్గా విజిల్ ఊదాడు. "మేడమ్, మిగతావాళ్ళను ఇక్కడే కూచోబెట్టండి. ఒక్కరు గూడా నీళ్ళలో దిగకూడదు" అని, లైఫ్ జాకెట్ ఒకటి తీసుకుని కయాక్ తోసుకుంటూ వెళ్ళిపోయాడు. నాలుగు తెడ్లు వేసేసరికి అవతలి ఒడ్డు చేరాడు. దిబ్బ ఎక్కాడు. కనిపించకుండా పోయాడు.

ఇక చూడటం తప్ప చేసేదేమీ లేదు. వాణి మేడమ్ వచ్చి ప్రత్యూష భుజం పట్టుకున్నారు. తిట్టినా బాగుండును అనిపించింది ప్రత్యూషకు.

చాలాసేపటికి దిబ్బ మీద ముందు బెన్హర్ తల కనిపించింది. తర్వాత నారింజరంగు లైఫ్ జాకెట్. దాని పైన రెండు జడలు.

"అమ్మయ్య" అన్నారు వాణి మేడమ్. అని, అక్కడే ఇసుకలో కూలబడ్డారు. ప్రత్యూషకు ఏడుపు అప్పుడొచ్చింది.

కయాక్ ఒడ్డు చేరింది. ఏంజెలిన్ ముందు సీట్లో నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మోకాళ్ళ దాకా తడిసి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీళ్ళలో రెండడుగులు వేసి, లోతని తెలిసి వెనక్కి పోయింది" అన్నాడు బెన్హర్. "చెట్టుకింద కూచోని కేకలేస్తా ఉండాది. ఈ గాలికి మనకేం వినపడతాది?"

ఏంజెలిన్ నేరుగా ప్రత్యూష దగ్గరికి వచ్చింది.

"మీరెందుకే ఆగలా? పన్నెండు దగ్గర లెక్క ఆగిపోతాది, బెన్హరన్న వెనక్కొస్తాడు అనుకుంటా కూచున్నా."

"నేను చెప్పేసినా."

"ఏం చెప్పేసినావు?"

"నీ నంబరు."

"నేను చెప్పమన్లేదే."

"అవును. అన్లేదు."

ఏంజెలిన్ ముక్కు తుడుచుకుని ఇసుకలో కూర్చుంది. "అన్నం మిగిలిందా, అంతా తినేసినావా?"

ప్రత్యూష డబ్బా మొత్తం ఆమె ముందుకు జరిపింది.

"బళ్ళో కూడా ఇలాగే తన బదులు చెప్తుంటావా?" అని అడిగారు వాణి మేడమ్.

ప్రత్యూష తల ఊపింది.

"సోమవారం ఇద్దరూ నా దగ్గరికి రండి" అంటూనే మేడమ్ తన డబ్బాలోని ఉడికించిన గుడ్డు తీసి ఏంజెలిన్ అన్నం మీద పెట్టారు. సోమవారం ఏమంటారో తెలియదు. అయినా ప్రత్యూషకు ఒళ్ళంతా తేలికైనట్టుంది. తిట్లు తినడానికి ఇద్దరూ కలిసే వెళ్తారు, అంతే కదా.

ఎండ కాస్త తగ్గాక బెన్హర్ అందరికీ జాకెట్లు బిగించి, కయాకుల ముందు నిలబెట్టాడు.

"కానీండి, లెక్క."

ఒకటి, రెండు, మూడు. పది దాకా చకచకా వచ్చింది.

"పదకొండు" అంది ప్రత్యూష.

తర్వాత ఎవరూ పలకలేదు.

ఏంజెలిన్ ఆమె పక్కనే ఉంది, భుజానికి భుజం ఆనేంత దగ్గరగా. కానీ వేరుశనగ పప్పుచెక్క ముక్క మొత్తం నోట్లో పెట్టుకుంది. బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. కళ్ళు పెద్దవి చేసి ప్రత్యూష వైపు చూసి, చెప్పెయ్ అన్నట్టు మోచేత్తో పొడిచింది.

ప్రత్యూష పెదాలు బిగించుకుంది.

"చెప్పవే, పక్కనే ఉండాది గదా" అన్నాడు పెంచల్. "నాకు పదమూడు చెప్పాల."

"అది చెప్తాది. ఆగు."

బెన్హర్ తెడ్డు ఇసుకలో గుచ్చి, తీరిగ్గా దానికి ఆనుకున్నాడు. మేడమ్ ఆగారు. మిగతా పిల్లలంతా ఆగారు. ఏంజెలిన్ కరకరా నమిలింది, మింగింది, మళ్ళీ నమిలింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"పన్నెండు" అంది ఏంజెలిన్, పెదవుల మీద పప్పుచెక్క పొడితో.

"పదమూడు" అని అరిచాడు పెంచల్.