'షి' వరసలో లేని పేరు

తకుమా యోషిదా కొత్త ఉద్యోగంలో చేరాల్సిన రోజు పొద్దున్నే వాన పట్టుకుంది. అది చాలదన్నట్టు, సంతకానికి బదులు వేసే పేరు ముద్ర ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. ముద్ర లేకుండా తొలిరోజు ఆఫీసుకి వచ్చినవాడిని తకమత్సు ఊళ్లో ఎవరూ మనిషి కింద జమకట్టేవారు కాదు, అప్పట్లో.

స్టేషన్ పక్కన స్టేషనరీ షాపులోకి పరిగెత్తాడు. తలుపు దగ్గరే పేర్ల స్టాండు ఉంది. వందల ఇంటిపేర్లు అక్షరాల వరసన పేర్చిన రెడీమేడ్ ముద్రలు. తడి చేత్తో దాన్ని గిర్రున తిప్పాడు.

"కాస్త ఆపుతారా? నేనింకా 'షి' దగ్గరే ఉన్నాను."

స్టాండుకి అవతల ఒకమ్మాయి. గొడుగు మడిచి చంకలో పెట్టుకుంది. దాని నీళ్లన్నీ తకుమా బూట్ల మీద పడుతున్నాయి.

"నేను 'యో'కి పోవాలండీ. ఆలస్యమైపోతోంది."

"'యో' ఎక్కడికీ పారిపోదు. యోషిదా అయితే అట్టడుగున, కుడిపక్క. ఒకటి కాదు, బోలెడుంటాయి."

"నేను యోషిదా అని మీకెలా తెలుసు?"

"తెలీదు. ఇలా చూడకుండా తిప్పేవాళ్లంతా యోషిదాలో యమదాలో అయ్యుంటారు. పేరు దొరుకుతుందన్న ధీమా."

వంగి చూస్తే నిజంగానే అట్టడుగున, కుడిపక్క ఉంది. తకుమాకి ఒళ్లు మండింది.

"మీది దొరికిందా మరి?"

"లేదు."

"పేరేంటి?"

"షియోదొమరి."

"అలాంటి పేరు కూడా ఉంటుందా?"

"నేను ఉన్నాను కదా," అని ఆ అమ్మాయి గొడుగు తెరిచి వానలోకి వెళ్లిపోయింది.

షాపు ముసలావిడ చిల్లర ఇస్తూ నవ్వింది. "ఆ అమ్మాయికి చెక్కించుకున్న ముద్ర ఉందయ్యా. అయినా వచ్చి వెతుకుతుంది. ఏ ఊరెళ్లినా ఇదే పనట."

గంట తర్వాత, తను చేరిన ఫెర్రీ కంపెనీ ఆఫీసులో తకుమాని ఒక్కొక్కరికీ పరిచయం చేస్తున్నారు. అకౌంట్స్ సెక్షన్ దగ్గరికి వచ్చేసరికి ఆ గొడుగు కుర్చీకి వేలాడుతోంది.

"'యో' దొరికినట్టుందే, యోషిదాగారూ," అంది నగిసా షియోదొమరి.

వాళ్లిద్దరి ప్రేమ మాటలతో కాదు, ముద్రలతో మొదలైంది. మా ఆఫీసుల్లో ఒక పాత మర్యాద ఉండేది. కింది ఉద్యోగి కాగితం మీద ముద్ర వేసేటప్పుడు నిటారుగా వేయకూడదు. ఎడమ పక్క గడిలో పెద్దవాళ్ల ముద్ర ఉంటుంది కాబట్టి, దానికి వంగి దణ్ణం పెడుతున్నట్టు కాస్త ఎడమకి వాల్చి వేయాలి. నవ్వొచ్చే సంగతే, కానీ ఆ నవ్వొచ్చే సంగతి తెలియకే కొందరు ప్రమోషన్లు పోగొట్టుకున్నారు.

తకుమా మొదటి కాగితం నగిసా దగ్గరి నుంచి తిరిగొచ్చింది.

"ఏం తప్పుందండీ ఇందులో?"

"తప్పేం లేదు. మీ ముద్ర ఛాతీ విరుచుకుని నిలబడింది. నేను మీకంటే సీనియర్‌ని."

మర్నాడు తకుమా తన ముద్రని పూర్తిగా పడుకోబెట్టి వేశాడు. సాష్టాంగ నమస్కారమన్నమాట. నగిసా ఆ కాగితం చూసి దగ్గు తెచ్చుకుంది, నవ్వు దాచుకోవడానికి. ఆపైన రోజూ ఇదే ఆట. ఒకరోజు వంగుతాడు, ఒకరోజు అలిగి నిలబడతాడు. నగిసా ముద్ర మాత్రం ఎప్పుడూ నిటారే.

వానాకాలం నడుమ ఒక మధ్యాహ్నం, తిరిగొచ్చిన కాగితం మీద నగిసా ముద్ర కుడికి వాలి ఉంది. తకుమా గడి వైపు. రెండు ముద్రలూ తలలు ఆనించుకుని ఏదో చెప్పుకుంటున్నట్టున్నాయి. తకుమా ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టకుండా చాలాసేపు ముందర పెట్టుకు కూర్చున్నాడు.

ఆ చలికాలంలోనే దేశమంతా ముద్రలు తీసేయాలన్న గాలి వీచింది. ఆఫీసులో కాగితాలు పోయి, కంప్యూటర్లో 'ఆమోదం' అన్న బటన్ వచ్చింది. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. తకుమా ఒక్కడే వెళ్లి నగిసా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఈ బటన్‌కి వంగడం చేతకాదండీ."

"అయితే ఏం చేద్దామని?"

"ఉడాన్ నూడుల్స్ తిందామని."

"ఇప్పుడా? పదిన్నరే అయింది."

"మధ్యాహ్నమే. ముందుగా ఆమోదం తీసుకుంటున్నాను."

అలా ఉడాన్ దగ్గర 'యోషిదాగారు' తకుమా అయ్యాడు, 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. తను స్టాండులు ఎందుకు వెతుకుతుందో కూడా నగిసా అక్కడే చెప్పింది.

"షాపులో రెడీమేడ్‌గా దొరికిందంటే, ఆ ఊళ్లో ఆ పేరుతో కొనేవాళ్లున్నారనేగా. ఎక్కడో ఇంకో ఇల్లు ఉన్నట్టు. మాకు తెలిసి మేమే ఆఖరి ఇల్లు. నాన్న, నేను."

"నాకు ఆ బాధ లేదు. యోషిదాలు వానపాముల్లా ఎక్కడ చూసినా ఉంటారు," అన్నాడు తకుమా. నగిసా నవ్వింది. అతనికి ఆ నవ్వు మీదే ధ్యాస.

వసంతంలో నగిసా అతన్ని తమ దీవికి తీసుకెళ్లింది. నారింజ తోటలు, కొండ వాలు మీద సమాధుల వరస. రాళ్లన్నిటి మీదా ఒకటే పేరు. పోటు తగ్గేదాకా పడవలు ఆగే రేవు అని దానర్థం. వాళ్ల నాన్న మోకాళ్ల నొప్పితో మెల్లగా నడుస్తూ అన్నీ చూపించాడు.

"ఇంత పాత పేరు. మీ తర్వాత ఎలాగండీ?" అని అడిగాడు తకుమా, మాట కలపడానికి.

"పేరుదేముంది బాబూ. పాతబడిపోయింది. నాతో సరి," అన్నాడు పెద్దాయన. అంటూనే మెడలోని తువ్వాలు తీసి ఒక రాయి మీద పేరు చెక్కిన చోట నాచు తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు.

మావాళ్లు నోటితో ఒకటంటారు, చేత్తో ఇంకొకటి చెబుతారు. ఇక్కడ పుట్టి పెరిగిన తకుమాకి ఈ సంగతి తెలియక కాదు. కానీ ప్రేమలో ఉన్నవాడు తనకి సుఖంగా ఉన్న మాటే వింటాడు. అతను నోటి మాట ఒక్కటే విన్నాడు.

తిరుగు ఫెర్రీలో సన్నగా తుంపర. అందరూ లోపలికి వెళ్లినా వీళ్లిద్దరూ డెక్ మీదే నిలబడ్డారు. నగిసా రెయిలింగ్ మీద నీటిబొట్లని వేలితో కలుపుతూ, తలెత్తకుండా అంది.

"తకుమా షియోదొమరి. ఎలా ఉంది?"

తకుమా పగలబడి నవ్వాడు. "ఫెర్రీ పేరులా ఉంది." చేతిని మైకులా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "ప్రయాణికులకు విజ్ఞప్తి. షియోదొమరి నౌక మరికొద్దిసేపట్లో తకమత్సు చేరుకుంటుంది. మీ గొడుగులు మరిచిపోవద్దు."

నగిసా కూడా నవ్వింది. నవ్వి, "చలేస్తోంది, లోపలికి పోదాం," అంది.

మా చట్టం ప్రకారం మొగుడూపెళ్లాలకి ఒకటే ఇంటిపేరు ఉండాలి. ఎవరిదైనా ఫర్వాలేదు. చట్టానికి ఫర్వాలేదు గానీ ఊరికి ఫర్వా ఉంది. అందుకే ఎప్పుడూ ఆడపిల్ల పేరే మారుతుంది. ఆ తుంపరలో నగిసా అడిగింది ఆట కాదు. ఒక ఆడపిల్ల ధైర్యం చేసి పెళ్లి అడిగితే ఆ మహానుభావుడు ఫెర్రీ అనౌన్స్‌మెంట్ చేశాడు.

నెల తిరక్కుండా తకుమా తన వంతు పెళ్లి అడగడానికి ముహూర్తం చూసుకున్నాడు. నగిసాని ఆ స్టేషనరీ షాపుకే తీసుకెళ్లాడు. స్టాండు తిప్పి, 'యో' దగ్గర ఆపి, అట్టడుగు నుంచి ఒక ముద్ర తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఇకనుంచి నీకు వెతుక్కునే పని లేదు. ఏ ఊరెళ్లినా దొరుకుతుంది."

రాత్రంతా కూర్చుని తయారుచేసుకున్న మాట అది. ఇంతకంటే తియ్యటి మాట ఎవరూ ఎవరికీ చెప్పి ఉండరని అతని నమ్మకం.

నగిసా ఆ ముద్రని కాసేపు చూసింది. "నేను వెతికేది ముద్రని కాదు, తకుమా."

"మరేంటి?"

ఆమె దాన్ని మళ్లీ దాని గూట్లో పెట్టేసింది. "ఆలోచిస్తాను," అంది మెల్లగా.

'ఆలోచిస్తాను' అంటే 'కాదు' అని ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. తకుమా మాత్రం ఆనందంగా ఇంటికెళ్లాడు.

వేసవిలో ఆమె ఉద్యోగం మానేసి దీవికి వెళ్లిపోయింది. నాన్న మోకాళ్లు అని చెప్పింది. వెళ్లేరోజు అందరికీ తలొక నారింజ జెల్లీ పంచింది. తకుమాకీ ఒకటే ఇచ్చింది, అందరికీ ఇచ్చినట్టే. అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. ఆ సాయంత్రమే ఊళ్లో ఉన్న అమ్మకి ఫోన్ చేశాడు.

"అమ్మా, నేను నగిసా వాళ్ల పేరు పెట్టుకుంటే ఎలా ఉంటుంది?"

"ఇల్లరికమా?" అంది ఆవిడ. "మూడు గిద్దెల తవుడున్నా ఇల్లరికం వెళ్లకూడదన్నారురా పెద్దలు."

"మనింట్లో తవుడు కూడా లేదు కదమ్మా. పేరు నిలబెట్టడానికి అన్నయ్య ఉన్నాడు."

"మీ ఆఫీసువాళ్లేమంటారు? వీడేదో వెలితి ఉన్నవాడు అనుకోరూ?"

అమ్మని అనుకుని లాభం లేదు. ఆఫీసువాళ్లేమంటారన్నది అతని మనసులోని భయమే. ఇవాళ కాదు రేపు వెళ్దామనుకున్నాడు, రేపు కాదు వచ్చే సెలవుల్లో అనుకున్నాడు. దీవికి గంట ప్రయాణం. రోజూ ఆ ఫెర్రీల టైం టేబుల్ చూసే ఉద్యోగమే అతనిది. అయినా రెండు చలికాలాలు గడిచిపోయాయి.

ఒకరోజు ఆ స్టేషనరీ షాపు మూసేస్తున్నారని బోర్డు కనిపించింది. ముద్రలు కొనేవాళ్లు లేరు. పేర్ల స్టాండు ఫుట్‌పాత్ మీదికి వచ్చేసింది. తకుమా దాన్ని తిప్పి, అలవాటు లేని చోట, 'షి' దగ్గర ఆపాడు. షియోజిమా తర్వాత షియోతా. ఆ తర్వాత ఉండాల్సిన పేరు లేదు. ప్రతి ఊళ్లోనూ ఆమె షియోతా పక్కనే చూపు నిలిపి ఉంటుందని తట్టింది.

లోపలికి వెళ్లి ముసలావిడని అడిగాడు. "ఒక ముద్ర చెక్కించి పెడతారా, మూసేలోపు? షియోదొమరి అని."

"ఎవరికి?"

"నాకు."

"మీరు యోషిదా కదయ్యా."

"కాకపోతే ఏంటండీ?"

ఎంత తేలికైన మాటో, చెప్పాక గానీ అతనికి తెలియలేదు.

ముద్ర చేతికొచ్చిన ఆదివారం దీవికి బయలుదేరాడు. మళ్లీ తుంపరే. రేవులో టికెట్ కిటికీ వెనక నగిసా కూర్చుని ఉంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది.

"యోషిదాగారూ," అంది ఆశ్చర్యంగా. 'తకుమా' అని పిలవలేదు. "ఆఫీసు పనా?"

"కాదండీ." అతని నోట కూడా 'మీరే' వచ్చింది. "మీతో ఒక మాట..."

అంతలో ఒకతను నారింజల డబ్బా మోసుకొచ్చి కిటికీ పక్కన దించాడు. ఎండకి కమిలిన మొహం, హాయిగా నవ్వే కళ్లు. తకుమాని చూసి వంగి నమస్కరించాడు. "షియోదొమరి అండీ."

తకుమా మొహం వెలిగిపోయింది. తను వచ్చిన పని కూడా మరిచిపోయి నగిసా వైపు తిరిగాడు. "దొరికారా? ఇంకో ఇల్లు దొరికిందా? ఎక్కడివాళ్లు?"

నగిసా చేతుల వైపు చూసుకుంది. "మావారు," అంది.

"పెళ్లికి ముందు వేరే పేరులెండి," అన్నాడతను చెయ్యి తుడుచుకుంటూ. "యోషిదా."

"నేనూ యోషిదానే," అన్నాడు తకుమా.

"చూశారా, యోషిదాలకి కరువా దేశంలో? నేనొకణ్ణి తగ్గితే ఏం కొంప మునిగింది."

"మార్చుకోవడం... కష్టమనిపించలేదా?"

"బ్యాంకుల చుట్టూ తిరగడం కష్టమే. అదొక్కటే." అతను ఆ రోజు గుర్తొచ్చి నవ్వాడు. "ఎలా ఉంది ఈ పేరు అని అడిగింది. బావుంది అన్నాను. అంతే కదండీ."

అతను ఇంకో డబ్బా తేవడానికి వెళ్లాడు. తకుమా జేబులోంచి ముద్ర తీసి కిటికీలోకి జరిపాడు.

"షాపు మూసేస్తున్నారు. 'షి' వరసలో ఇది కనిపించింది. మీకు చూపిద్దామని."

నగిసా దాన్ని తీసుకుని అక్షరాలు చూసింది. తర్వాత ముద్ర కర్రని బొటనవేలితో నిమిరింది. "స్టాండులో అన్నీ ప్లాస్టిక్‌వే ఉంటాయి, యోషిదాగారూ. కర్రవి ఉండవు."

"చెక్కించాను."

"నాకోసమా?"

"నాకోసం."

ఆమె ముద్ర మీద వేళ్లు మూసింది. కిటికీ చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఆ రోజు ఫెర్రీలో మీరు అడిగింది నిజంగానేనా?" అని అడిగాడు తకుమా.

"నిజంగానే."

"నేను నవ్వాను."

"నేనూ నవ్వాను కదండీ," అంది నగిసా. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం నిలకడగా ఉంది. "ముద్ర చాలా బావుంది. ఉంచుకోనా?"

"మీదే."

తిరుగు ఫెర్రీ కూత వేసింది. ఆమె టికెట్ చింపి, వెనక్కి తిప్పి, కొత్త ముద్రకి ఎర్ర సిరా అద్ది జాగ్రత్తగా ఒకసారి నొక్కింది. సిరా ఆరేదాకా ఊది అతనికిచ్చింది. ఇద్దరూ వంగి నమస్కారాలు చెప్పుకున్నారు.

డెక్ మీదికి వెళ్లాక తకుమా టికెట్ తిప్పి చూశాడు. ముద్ర నిటారుగా ఉంది. ఎటువైపూ వాలలేదు. కాసేపు చూసి, టికెట్‌నే కొంచెం కుడికి వంచి పట్టుకున్నాడు. అలా పట్టుకుంటే, ఒకప్పటిలా, అది తన వైపు వాలినట్టు కనిపించింది.

తకమత్సులో దిగేటప్పుడు టికెట్ తిరిగి ఇచ్చేయాలి. అది కంపెనీ రూలు. గేటు దగ్గరి మనిషి చెయ్యి చాపాడు, తకుమా ఇచ్చేశాడు.