సొరంగంలో రెండు ముళ్ళు

కొండ కింద సొరంగానికి ఎప్పట్నుంచో చెడ్డపేరు. చీకటి పడ్డాక అందులోకి దూరిన బండ్ల ఇంజనాయిలు ఎవరో తాగేస్తారట... ఎవరో మాత్రం అడక్కూడదట.

మా మావయ్య చెప్పిందే చెప్తున్నాను. అబద్ధమైతే ఆయన్నే తిట్టుకోండి.

ఆ రోజు ఆయన డీజిల్ పికప్ నిండా ఐసు దిమ్మెలు. పొద్దు వాలింది. సొరంగంలోకి దూరి హెడ్‌లైట్లు వేశాడో లేదో — ఆయిల్ ప్రెషర్ ముల్లు సున్నాకి పడిపోయింది. పక్కనున్న వేడి ముల్లు ఎర్రగీత ఎక్కి కూర్చుంది.

అలాగే నడిపితే ఇంజను పట్టేస్తుంది. ఆపితే ఐసు కరుగుతుంది. ఆపాడు. దిగి ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే ఆయిల్ నిండుగా ఉంది. రేడియేటరు మామూలు వేడే.

వెనక నుంచి ఐసునీళ్ళు... టప్... టప్...

గతిలేక మా నాన్నకి ఫోన్ చేశాడు. నాన్న మెకానిక్. మావయ్య వేరే షెడ్డులో సర్వీసింగ్ చేయించాడని బావాబామ్మర్దులకి రెండేళ్ళుగా మాటల్లేవు.

నాన్న టార్చి పట్టుకుని వచ్చాడు. పలకరింపు కూడా లేదు.

"ఆ షెడ్డువాణ్ణే పిలవకపోయావా?"

"ఐసు కరుగుతోంది బావా. వెటకారం తర్వాత."

నాన్న ఇంజను స్టార్ట్ చేసి, అది నడుస్తుండగానే లైట్లు ఆర్పాడు. రెండు ముళ్ళూ బుద్ధిగా తమ చోటికొచ్చాయి. వేశాడు — మళ్ళీ అదే గంతు. డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి, ఊడబోతున్న ఎర్త్ వైరు చూపించాడు.

"ఇదీ నీ దెయ్యం! ఎర్త్ లూజైతే లైట్ల కరెంటు మీటర్లలోకి దూరుతుంది. సొరంగంలో అందరూ లైట్లు వేస్తారు, అందుకే ఎర్త్ లూజైన ప్రతి బండికీ ఇక్కడే దెయ్యం పడుతుంది. బోల్టు బిగించడం రానివాడికి బండిచ్చావు."

బిగించాడు. ఈసారి లైట్లు వేసినా ముళ్ళు కదల్లేదు. అక్కడితో వదిలేస్తే మా నాన్నెందుకవుతాడు? ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకున్నాడు.

"'దెయ్యం లేదు, నేనే వెధవని' అను. తాళమిస్తా."

టప్... టప్... టప్...

మావయ్య పళ్ళు నూరాడు. "దెయ్యం లే—"

చూపు డాష్‌బోర్డు మీద పడింది.

ఆగిన ఇంజను... జేబులో తాళం... అయినా ఆయిల్ ముల్లు మెల్లగా లేస్తోంది. సగానికొచ్చి నిలబడింది. వేడి ముల్లు దిగుతోంది... దిగుతోంది... చిట్టచివరి గీత కూడా దాటి, అంకెల్లేని నలుపులోకి.

నాన్న జేబులోంచి తాళం తీసి చూసుకున్నాడు.

"ఇది... ఏ వైరు బావా?" గుసగుసగా అడిగాడు మావయ్య.

నాన్న మళ్ళీ డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి తడిమాడు. అప్పుడు గమనించారట ఇద్దరూ — వెనక చప్పుడు లేదు.

వెళ్ళి టార్చి వేసి చూశారు. బండి కింద చేరిన నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి.