అరసున్న తాత మానిటర్

ఆ అచ్చాఫీసులో మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చోమంటే కంపోజర్లు ఎవరికి వాళ్ళు తప్పించుకునేవారు. రాత్రిపూటయితే చెప్పనే అక్కర్లేదు.

అరసున్న తాత ప్రూఫులు దిద్దుతూ దిద్దుతూ కన్నుమూసిన చోటు అది. బతికున్నప్పుడు అరసున్న తప్పినా ఊరుకోని మనిషి... పోయాక మాత్రం ఊరుకుంటాడా? తప్పులున్న పేజీ పెడితే చాలు, ఆ పాత ఎల్‌సీడీ తెర మెల్లగా మసకబారేదట. దిద్దడం పూర్తవగానే వెలుగు తిరిగొచ్చేదట.

మెకానిక్ రెండుసార్లు దాన్ని షాపుకి మోసుకెళ్ళాడు. అక్కడ నిక్షేపంగా వెలిగింది. "బ్యాక్‌లైటుకి ఏ రోగమూ లేదు. మీకు కావాల్సింది నేను కాదు, భూతవైద్యుడు," అని దండం పెట్టి పోయాడు.

ఆ కుర్చీలో ఫోర్‌మన్ తన మేనకోడల్నే కూర్చోబెట్టాడు. అప్పటికే ఆమె చేతుల మీదుగా రెండు తప్పులు అచ్చయిపోయాయి.

"మూడోది పోయిందో, తిన్నగా బైండింగుకే. జిగురు డబ్బా పట్టుకోవడమే."

"మరి... తాత?"

"అడిగానని చెప్పు."

పది దాటింది. అందరూ వెళ్ళిపోయారు. లోపలి గదిలోంచి మామయ్య దగ్గు తప్ప చప్పుడు లేదు. ఎర్రగీతలతో నిండిన ప్రూఫు కాగితాన్ని, అక్కడ అందరూ చేసేట్టే, తెర కింది అంచుకి టేపుతో వేలాడదీసింది. దిద్దడం మొదలెట్టింది.

ఒక లైను... రెండు లైన్లు...

మసక.

బ్రైట్‌నెస్ వందకి పెంచింది. లాభం లేదు. కేబుల్ పీకి మళ్ళీ పెట్టింది. ఊహూఁ.

"దిద్దుతున్నా కదా తాతా..." అని గొణిగింది.

ఫ్యాను గాలికి టేపు ఊడింది. కాగితం జారి ఒళ్ళో పడింది — తెర తెల్లగా వెలిగిపోయింది!

కెవ్వుమనబోయి ఆగింది. కాగితం అంటించింది: మసక. తీసింది: వెలుగు. మళ్ళీ అంటించింది: మసక. దెయ్యానికి ఇంత క్రమశిక్షణా?

వంగి చూసింది. కింది అంచులో శెనగగింజంత నల్లగాజు. మెనూ తెరిస్తే 'ఆటో బ్రైట్‌నెస్'. గదిలో వెలుతురు తగ్గితే తెర వెలుగునీ తగ్గించే కన్ను అది. తప్పులున్న ప్రూఫునే వేలాడదీస్తారు. కాగితం ఆ కన్ను మూస్తుంది. దిద్దాక తీసేస్తారు. అదీ తాత సంగతి!

"మామయ్యా! దెయ్యం దొరికింది!"

ఆయన వచ్చి చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"నీకు ముందే తెలుసా?"

"ఉష్... మెల్లగా. మూడేళ్ళుగా ఈ మూల నుంచి ఒక్క తప్పు పోలేదు. ఎందుకనుకున్నావ్? తెర మసకేస్తే చాలు, హడలి చచ్చి మొదట్నుంచీ చదువుతారు. ఇది బయటికి పొక్కిందో..."

"బైండింగేనా?"

"డబ్బా నేనే తెచ్చిస్తా."

ఆయన వెళ్ళాక, దిద్దడం ముగించింది. ఏమనుకుందో, కాగితాన్ని మళ్ళీ ఆ కన్ను మీద అంటించింది. మసక పడింది. ఎందుకో తెలుసు. ఎలాగో తెలుసు. అయినా... వెనక ఎవరో వంగి చదువుతున్నట్టు ఒళ్ళు జలదరించింది.

మొదటి అక్షరం నుంచి మళ్ళీ చదివింది.

నాలుగో పేరాలో — ఎర్రగీత లేని చోట — ఉందొక తప్పు.