పంపుహౌస్ మలుపులో స్టీరింగ్ లాగేదెవరు?

పంపుహౌస్ మలుపు దగ్గర రాత్రిపూట ఎవరో స్టీరింగ్ పట్టుకుని లాగుతారని మా ఊళ్ళో చెప్పుకుంటారు. లాగేది ఆడమనిషని కొందరు, కాదు, వెనకటికి ఆ పంపుహౌస్‌లో మోటార్లు నడిపిన ఆపరేటరని కొందరు. చల్లటి చెయ్యి అని ఒకడంటే, తడి చెయ్యి అని ఇంకొకడు. వీళ్ళలో ఒక్కడూ ఆ చేతిని చూసినవాడు కాదు. అయినా చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి మరీ చెప్తారు.

ఆ కథ వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎందుకంటే ఆ మలుపులో గోడకి గుద్దుకుని పోయింది మా తమ్ముడు.

ఆరేళ్ళయింది. రోడ్డు అక్కడ కుడికి తిరుగుతుంది. ఎడమవైపు మూతపడ్డ పంపుహౌస్, దాని చుట్టూ రాతి గోడ. మలుపు సరిగ్గా మధ్యలో, ఎప్పుడో పైపు కోసం తవ్వి పూడ్చిన చోట ఎడమ పక్కన రోడ్డు కాస్త కుంగి ఉంటుంది. అంతే. రోజూ వందల బండ్లు పోతాయి, వస్తాయి.

మా తమ్ముడి కారు మాత్రం నేలకి ఆనించినట్టు ఉండేది. స్ప్రింగులు కోయించి కిందికి దించుకున్నాడు. అలా ఉంటేనే అందమట. దానికి ఎర్ర సీట్లు కుట్టింది నేనే, స్టీరింగ్‌కి ఎర్ర తొడుగు కుట్టిందీ నేనే. నా పని అదే, కారు సీట్లు కుట్టడం.

పోవడానికి నాలుగు రోజుల ముందు వాడు షాపుకొచ్చి, "అన్నయ్యా, ఆ పంపుహౌస్ దగ్గర బండి ఎవరో లాగినట్టు పక్కకి పోతోంది" అన్నాడు. నేను తల కూడా ఎత్తలేదు. "ఫోను పక్కన పడేసి నడుపు, ఎవడూ లాగడు. మరీ అనుమానమైతే పక్కన గ్రీనన్నకి చూపించు" అన్నాను.

గ్రీనన్న మా పక్క షాపు. చక్రాల అలైన్‌మెంట్ చేస్తాడు. కారు ర్యాంపు మీదికి ఎక్కిస్తాడు, చక్రాలకి పలకలు తగిలిస్తాడు, తెర మీద అంకెలన్నీ ఆకుపచ్చగా రాగానే కాగితం తీసి చేతిలో పెడతాడు. "అంతా గ్రీన్" అనడం ఆయనకి ఊతపదం. అసలు పేరు అందరూ మర్చిపోయారు.

గుద్దుకున్న తర్వాత పోలీసులు బండి తిరిగి ఇచ్చినప్పుడు సీటు వెనక జేబులో ఆ కాగితం దొరికింది. వాడు పోవడానికి మూడు రోజుల ముందు తీసింది. అంతా గ్రీన్.

అంటే బండిలో తప్పు లేదు. మరి తప్పెవరిది? వాడిదే. నిద్రపోయుంటాడు, లేదా ఫోను చూస్తుంటాడు. నేను అలాగే లెక్కకట్టుకున్నాను. అమ్మ దెయ్యాన్ని తిట్టేది, నేను తమ్ముణ్ణి తిట్టేవాణ్ణి. "పోయినవాణ్ణి ఏమనకురా" అని ఆవిడ ఏడిస్తే, "కళ్ళు తెరిచి నడిపితే పోయేవాడు కాదు" అని నేను అరిచేవాణ్ణి. ఆరేళ్ళు ఇదే.

ఇంకొకటి కూడా ఉంది. స్టీరింగ్ తొడుగు కుట్టు ఒకవైపు పొడుగునా తెగిపోయి, తోలు మెలితిరిగి ఉంది. అది చూసి మనవాళ్ళు ఊరుకుంటారా? "అదిగో, దెయ్యం పట్టుకున్న గుర్తు" అన్నారు. అమ్మ దాన్ని గుమ్మం దాటనివ్వలేదు. నా కుట్టే సరిగా పడలేదేమో అనుకుని నేను షాపులో సొరుగులో పడేశాను.

ఇక అసలు సంగతి. పోయినవారం ఒక సాయంత్రం గ్రీనన్న మా షాపుకొచ్చి, సీట్లు కుట్టే దారం ఒక రీలు కావాలన్నాడు.

"నీకెందుకన్నా దారం?"

"రేపు చెప్తాలే" అని తీసుకుపోయాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మర్నాడు నేను షట్టర్ ఎత్తేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రాత్రంతా నిద్రలేని కళ్ళు, చేతులకి గ్రీజు, కానీ ముఖం మతాబాలా వెలిగిపోతోంది. సగం కుట్టిన సీటు మీద కూలబడి మొదలుపెట్టాడు. ఆయన చెప్పిందే చెప్తున్నాను.

ఆయన అల్లుడు కూడా మూడు నెలల కిందట కారు దించుకున్నాడు. అల్లుడి ముచ్చట కాబట్టి మామే స్ప్రింగులు కోసి పెట్టాడు. కూతురికి ఆరో నెల. రోజూ రాత్రి డ్యూటీ దిగాక మొగుడితో అదే కార్లో, అదే మలుపు మీదుగా ఇంటికి వస్తుంది. రెండుసార్లు బండి గోడవైపు గుంజుకుపోయిందట. అల్లుడు హడలిపోయి మామకి చెప్పాడు. మామ ర్యాంపు ఎక్కించి కాగితం తీసి ఇచ్చాడు.

కూతురు ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. "నాన్నా, నీ కాగితం నాకొద్దు. నా కడుపులో బిడ్డుంది. ఒక్కసారి నువ్వు నడిపి చూడు" అంది.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. రాత్రి పదకొండున్నరకి ఒక్కడే అల్లుడి బండి తీశాడు.

మొదటిసారి నలభైలో పోయాడు — ఏమీ లేదు. వెనక్కి తిరిగొచ్చి యాభైలో పోయాడు — ఏమీ లేదు. పిల్లలు ఊరికే బెదిరిపోతున్నారు అనుకున్నాడు. మూడోసారి... అరవై దాటించాడు.

లైట్ల వెలుగులో పంపుహౌస్ కిటికీ కనబడింది. తలుపులు ఊడిపోయిన కిటికీ... లోపలంతా చీకటి. మలుపు మొదలైంది. స్టీరింగ్ కుడికి తిప్పి పట్టుకున్నాడు.

అప్పుడు... ఎవరో పట్టుకున్నారు.

"ఒట్టు తమ్ముడూ" అన్నాడు గ్రీనన్న, పట్టపగలు నా షాపులో కూర్చుని కూడా గుసగుసగానే. "పక్కన ఎవరో కూర్చుని... రెండు చేతులతో... ఎడమకి ఒక్క గుంజు గుంజినట్టు."

బ్రేకు మీద నిలబడిపోయాడట. బండి గోడకి జానెడు దూరంలో ఆగింది. ఇంజను ఆగిపోయింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

పక్క సీటు ఖాళీ. వెనక సీటు ఖాళీ. చుట్టూ చిమ్మచీకటి... అందులో ఒక చప్పుడు. టిక్... టిక్... టిక్... గోడ అవతల ఎవరో గోటితో కొడుతున్నట్టు. తలుపు తీయడానికి చెయ్యి రాలేదు. ఎంతసేపో అలాగే బిగుసుకుపోయి కూర్చుంటే, ఆ టిక్కుటిక్కు మెల్లిగా తగ్గి ఆగిపోయింది. అది వేడెక్కిన ఇంజను చల్లారే చప్పుడు. రోజుకి ఇరవైసార్లు వినే చప్పుడే.

అప్పుడు ఆయనకి సిగ్గేసింది, సిగ్గు వెనకే కోపం వచ్చింది. కూతురు గుర్తొచ్చింది. బండి వెనక్కి తీసి, మలుపు దాటాక సమంగా ఉన్న చోట ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాడు. స్టీరింగ్ లాక్ పడి బిగుసుకుపోయింది. డిక్కీలోంచి నా దారం తీశాడు.

మెషిన్లు రాకముందు అలైన్‌మెంట్ దారంతోనే చూసేవాళ్ళు. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దారం లాగి కట్టి, చక్రం అంచులు దారానికి ఆనుతున్నాయా లేదా అని చూడటం. గ్రీనన్న గురువు నేర్పిన పని అది. మెషిన్ కొన్నాక ఈయన దాన్ని మర్చేపోయాడు.

ఎడమవైపు దారం కట్టాడు. సూటిగా ఉంది. టార్చి పట్టుకుని వెళ్ళి బానెట్ ఎడమ మూల మీద కూర్చున్నాడు. గ్రీనన్న కూర్చోవడమంటే మామూలు కూర్చోవడం కాదు, నూట పది కిలోలు. బండి ముక్కు కిందికి దిగింది. వంగి టార్చి వేశాడు.

బండిలో ఎవ్వరూ లేరు. తాళం జేబులో ఉంది. అయినా ఆ చక్రం... మెల్లిగా... దానంతటదే ఎడమకి తిరిగింది.

ముందు అంచు దారాన్ని బయటికి నెట్టింది. వెనక అంచుకీ దారానికీ మధ్య వేలు దూరేంత సందు. ఆయన లేచాడు — చక్రం వెనక్కి వచ్చేసింది. మళ్ళీ కూర్చున్నాడు — మళ్ళీ తిరిగింది.

"దెయ్యం దొరికింది తమ్ముడూ!" అని తొడ చరిచాడు. "స్ప్రింగు కోస్తే బండి దిగుతుంది కదా, చక్రాన్ని తిప్పే రాడ్డు సమంగా ఉండాల్సింది పైకి వాలిపోతుంది. ఆ మీద బండి ఇంకాస్త కుంగిందంటే ఆ రాడ్డే చక్రాన్ని తోసేస్తుంది. అరవైలో ఆ మలుపు తిరిగితే బరువంతా ఎడమ మీద పడుతుంది, దానికి తోడు ఆ గుంట. నా ర్యాంపు సమంగా ఉంటుంది, బండి కదలదు, ఇక అందులో ఏం కనబడుతుంది? అంతా గ్రీనే!"

రాత్రికి రాత్రే మామూలు స్ప్రింగులు వేసేశాడట. తెల్లారకముందే అదే మలుపులో అరవైలో పోయి చూశాడు. గీత గీసినట్టు పోయిందట. కూతురికి ఫోను చేసి చెప్పాడు. అది కూడా ఏడ్చిందట, ఈయన కూడా ఏడ్చాడట.

నా చేతిలో సూది ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలీదు.

"మా తమ్ముడి బండికి స్ప్రింగులు కోసింది కూడా నువ్వే కదన్నా" అన్నాను.

ఆయన ముఖంలో వెలుగు ఆరిపోయింది. అప్పటిదాకా ఆ మనిషికి వాడు గుర్తే రాలేదు.

"అవును" అన్నాడు.

"నీ దగ్గరికి వచ్చాడా? బండి లాగుతోందని చెప్పాడా?"

"చెప్పాడు... పంపుహౌస్ దగ్గర అని కూడా చెప్పాడు."

"నువ్వేమన్నావు?"

"మెషిన్ చూశాను. అంతా గ్రీన్, బండిలో ఏం లేదు పోరా అన్నాను."

"ఇంకా?"

నేల చూపులు చూశాడు. "ఏదో... నవ్వులాటకి అన్నాను తమ్ముడూ. అక్కడ దెయ్యముందేమో, చూసుకుని పో... అన్నాను. తర్వాత వాడు పోయాక అందరూ వచ్చి అడిగారు. ఏం చెప్పాలో తెలీక అదే మాట చెప్పాను. ఇంక వాళ్ళే..."

అదీ సంగతి. ఆడమనిషీ, ఆపరేటరూ, చల్లటి చెయ్యీ, తడి చెయ్యీ అన్నీ ఆ పక్క షాపులోంచే పుట్టాయి.

"ఇక్కణ్ణుంచి ఆ మలుపు ఎంత దూరం అన్నా?"

"నాలుగు కిలోమీటర్లు."

"నీ కూతురైతే అర్ధరాత్రి పోయావు" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకోబోయాడు, విదిలించేశాను. మిగిలిన దారం రీలు బల్ల మీద పెట్టి, తలవంచుకుని వెళ్ళిపోయాడు. ఆయన్ని నేను క్షమించలేదు. క్షమించమని ఎవరైనా నాకు చెప్పడానికి వస్తే వాళ్ళనీ తిడతాను.

మధ్యాహ్నం సొరుగు లాగి ఆ ఎర్ర తొడుగు తీశాను. ఆరేళ్ళుగా సరిగ్గా చూడనే లేదు. రెండు పేటల దారంతో, దగ్గర దగ్గరగా వేసిన కుట్టు అది. నా కుట్టు ఊరికే తెగదు. తోలు ఎటు మెలితిరిగిందో వేలితో తడిమి చూశాను. కుడికి. రోడ్డు ఉన్న వైపుకి.

సాయంత్రం దాన్ని ఇంటికి తీసుకుపోయాను. గుమ్మంలోనే అమ్మ అడ్డుపడింది. "ఆ దెయ్యం పట్టుకున్నది నా ఇంట్లోకి తేకు" అంది.

"ఇది దెయ్యం పట్టుకున్నది కాదమ్మా" అన్నాను. "మనవాడు పట్టుకున్నది. వాడు నిద్రపోలేదు."