చెక్క తడిగా లేదు

"మీకు వినపడదు కదా, మరి రంపం శబ్దం మారితే ఎలా తెలుస్తుంది?"

ట్రూడీ ఫోన్లో టైప్ చేసి చూపించింది. చూపించిన వెంటనే నాలుక కరుచుకుంది. అప్పటికే ఎదుటి మనిషి కనుబొమలు పైకి లేచాయి.

అమెరికాలోని ఆ రోచెస్టర్లో వినికిడి లేనివాళ్లు వీధివీధికీ ఉంటారు. బస్సులో, బేకరీలో, ఎక్కడ చూసినా చేతులు కబుర్లాడుకుంటూనే ఉంటాయి. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగి నాలుగు సైగలైనా నేర్చుకోలేదని ట్రూడీకి సిగ్గేసింది ఆ రోజే.

పాత బొత్తాల ఫ్యాక్టరీలో నడుస్తున్న ఉమ్మడి వర్క్‌షాపు అది. సభ్యులంతా ఆ యంత్రాలే వంతులవారీగా వాడుకుంటారు. కానీ బల్ల మధ్యలోంచి లేచి గిర్రున తిరిగే పెద్ద రంపాన్ని ముట్టుకోవాలంటే ట్రూడీ దగ్గర శిక్షణ పూర్తిచేయాల్సిందే. ఆన్సెల్ వచ్చింది అందుకే.

అతను ఫోన్ లాక్కుని టకటకా కొట్టాడు. "ఇక్కడ అందరూ చెవులకు డొప్పలు తగిలించుకునేగా పనిచేస్తారు? రంపం నడిచినంతసేపూ మీరూ నాలాంటివాళ్లే. కాకపోతే నాకు అలవాటు."

వర్క్‌షాపు చూసుకునే లొరేన్ అప్పుడే ఒక పలక కోస్తోంది. ఆన్సెల్ బల్ల చివర అరచెయ్యి ఆనించి, నువ్వూ పెట్టు అన్నట్టు చూశాడు. ట్రూడీ పెట్టింది. రంపం చెక్కలోని ముడి దగ్గరికి రాగానే బల్లలోని అదురు బరువెక్కింది. ముడి దాటగానే తేలికైంది. ఇన్నేళ్లుగా ఆ రంపంతో పనిచేస్తూ ఆ సంగతి ఆమె ఒక్కసారీ గమనించలేదు. చెయ్యి తీయబుద్ధి కాలేదు.

తర్వాత అతను పరీక్ష నెగ్గాడు. మంచు కాలమంతా అద్దాల గదిలో కాఫీ తాగుతూ ఆమెకు సైగలు నేర్పాడు. అన్ని యంత్రాలు రొద చేస్తున్నా, గది ఈ చివర నుంచి ఆ చివరికి వాళ్లిద్దరే హాయిగా కబుర్లాడుకునేవారు.

"నిన్న నన్ను గుర్రం అన్నావు, తెలుసా?" అన్నాయి అతని చేతులు.

"తెలిసే అన్నాను."

"ఇంత పొగరున్న స్టూడెంట్‌ని నేను చూడలేదు."

"ఆ బల్ల ఎవరికి?" అతను చేస్తున్న గుండ్రటి భోజనాల బల్లని చూపించింది.

"అమ్మకి. గుండ్రంగా ఉంటేనే అందరి చేతులూ అందరికీ కనిపిస్తాయి. లేకపోతే మా ఇంట్లో సగం పోట్లాటలు అర్థమే కావు."

వసంతం వచ్చేసరికి అతను కూడా శిక్షకుడయ్యాడు. ట్రూడీ మనసులో మాట మాత్రం మనసులోనే ఉండిపోయింది.

ఒకరోజు బయట వాన, మంచు కలిసి కురుస్తున్నాయి. ట్రూడీ పలకను రంపంలోకి తోస్తూ ఒక్కసారి తలెత్తింది. అద్దాల గదిలో ఆన్సెల్, సైగలు తెలిసిన లొరేన్‌ని అడుగుతున్నాడు. చేతులు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"ట్రూడీకి ఎవరైనా ఉన్నారా?"

తోసే కర్రని వదిలేసి ఆమె కుడిచెయ్యి దానంతటదే లేచింది. రెండు వేళ్లు బొటనవేలికి తగిలాయి. లేరు! చెప్పేసి, చూడకుండానే చెయ్యి కిందికి దిగింది.

ఢాం!

రంపం లేదు. బల్లమీద సన్నటి గాడి ఖాళీగా ఉంది. చూపుడువేలి చివర పిల్లి గీరినంత గీత, దానిమీద ఒక్క రక్తపుచుక్క. ఆమె వంగి కింద చూసింది. అంత వేగంగా తిరుగుతున్న ఉక్కు చక్రం అల్యూమినియం దిమ్మలో పళ్లు దిగేసి, కదలకుండా పడి ఉంది. ఒంటి స్పర్శ తగలగానే పట్టే బ్రేకు అది. దాని గురించి వందసార్లు పాఠం చెప్పింది. కానీ రెప్ప వాలేలోపు తన వేలు తనకే మిగలడం చూడటం ఇదే మొదటిసారి. ఆ ఇనుప యంత్రానికి దణ్ణం పెట్టాలనిపించింది.

నేల అదిరిందని ఆన్సెల్ పరుగెత్తుకొచ్చాడు. ముఖం పాలిపోయింది. "ఏమైంది?"

ట్రూడీ కుడిచెయ్యి జేబులో దాచేసి ఎడంచేత్తో చెప్పింది. "చెక్క తడిగా ఉంది." తడి చెక్క తగిలినా ఆ బ్రేకు వేలే అనుకుంటుంది మరి.

"ఆ గోడకెక్కిన ప్రతివాళ్లూ ముందు అనేది ఆ మాటేనమ్మా," అంది లొరేన్.

బ్రేకు పడ్డ దిమ్మని పేరు రాసి గోడకు తగిలించడం అక్కడి ఆచారం. పేరు ఎక్కినవాళ్లు మళ్లీ శిక్షణ తీసుకోవాలి, ఆ రోజు ఏం చేశారో కొత్తవాళ్ల ముందు చెప్పాలి. ట్రూడీకి శిక్షణ ఇవ్వగలిగింది ఇంకెవరు? ఆన్సెలే.

పైగా ఆ రోజు నుంచి అతను తప్పించుకు తిరుగుతున్నాడు. ఊరికే అడిగాడేమో. నిజం చెబితే అందరి ముందూ నవ్వులపాలు. అబద్ధం చెబితే, ఈ కొత్తవాళ్లలో ఒకరు రేపు తనలాగే చెయ్యి తీస్తారు. రాత్రంతా ఆమెకు నిద్రపట్టలేదు.

శనివారం క్లాసులో ఆన్సెల్ చేతులతో పాఠం చెబుతుంటే లొరేన్ పైకి చదువుతోంది. ట్రూడీ వంతు వచ్చింది. ఆమె కూడా సైగలతోనే మొదలుపెట్టింది.

"చెక్క తడిగా లేదు," అని చదివింది లొరేన్. "నేనే చెయ్యి తీశాను."

"ఎందుకు?" అడిగాడు ఆన్సెల్, మాస్టారిలాగే.

"జవాబు చెప్పడానికి."

"రంపం దగ్గర జవాబా? ఎవరికి?"

"నీకు."

నాకా అన్నట్టు అతను వేలితో తనవైపే చూపించుకున్నాడు.

"నువ్వు లొరేన్‌ని అడిగావు. అద్దంలోంచి కనబడింది." ట్రూడీ చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మాయ్, ఇదీ పైకి చదవాలా?" అంది లొరేన్.

"చదవండి!" అన్నారు కొత్తవాళ్లు ఒక్క గొంతుతో.

"ఎవరూ లేరు అని చెప్పాను," చదివింది లొరేన్. "ఆ రోజు ఈ అబ్బాయికి నేను 'వెళ్లి తననే అడగవయ్యా' అన్నాను. అప్పట్నుంచి దాక్కుంటున్నాడు పిరికోడు. ఇది నా మాట."

ఆన్సెల్ వెళ్లి రంపాన్ని బల్ల కిందికి దించాడు. ఎర్ర స్విచ్ నొక్కాడు. ప్లగ్ కూడా పీకేశాడు. తర్వాత ట్రూడీ ఎదుట నిలబడి, ఆమె చూపుడువేలి మీద మానిపోతున్న గీతని చాలాసేపు చూశాడు. అతని కళ్లు తడిశాయి. అప్పుడు చేతులు లేచాయి.

లొరేన్ ఈసారి పైకి చదవలేదు. "ఇది క్లాసుకి కాదు," అంది.

అతని చేతులు చెప్పేది ట్రూడీకి ఎవరూ చదివి చెప్పక్కర్లేదు. "ఆ గుండ్రటి బల్లకి మా ఇంట్లో వాళ్లకంటే ఒక చోటు ఎక్కువ పెట్టాను. ఎవరికని అమ్మ అడుగుతోంది. ఏమని చెప్పను?"

ఆమె ముందు రంపం వైపు చూసింది. అది ఆగే ఉంది. అప్పుడు నిదానంగా, పది వేళ్లతోనూ జవాబు చెప్పింది.